మీసాల మునికృష్ణమ్మ

తిరుపతి బస్టాండులో నిలబడి "మునీ!" అని గట్టిగా ఒక కేక వేస్తే సగం మంది ప్రయాణికులు వెనక్కి తిరిగి చూస్తారు. ఇద్దరు డ్రైవర్లు బ్రేకు కూడా వేస్తారు. అన్ని మునులున్న ఊళ్ళో మన మునికృష్ణను గుర్తుపట్టడానికి ఆయన మీసం ఒక్కటే ఆధారం. అది బుగ్గలు దాటి, చెవుల దాకా పోదామా వద్దా అని ఆలోచిస్తూ ఆగిపోయిన మీసం. మనిషి మాత్రం ఆ మీసానికి ఏమాత్రం తగినవాడు కాదు. కుక్క మొరిగితే రోడ్డు మారతాడు. ఆటోవాడు వచ్చి గుద్దినా ఈయనే సారీ చెబుతాడు. "ఆ మీసం ఎవురికో రావాల్సింది, అడ్రసు తప్పి ఈయనకొచ్చింది" అని భార్య పంకజాక్షి వీధిలో అందరి ముందూ అంటుంది. ఆయన దానికీ తలూపుతాడు.

చాలా ఏళ్ళు ఆయన ఒక ఫ్లెక్సీల అంగట్లో అక్షరాలు పేర్చే పని చేశాడు. పుట్టినరోజు వచ్చిన ప్రతివాణ్ణీ పులి అని, సింహం అని, పేదల పాలిటి చంద్రుడని రాసింది ఈయన చేతులే. అంగడి మూతపడ్డాక దొరికిన కొత్త ఉద్యోగం మాత్రం ఆ పాపానికి ప్రాయశ్చిత్తంలాంటిది. ఏది నిజం, ఏది అబద్ధం అని చెప్పడమే ఆ పని.

తిరుచానూరు రోడ్డులో ఒక టిఫిన్ హోటలు పైన, సాంబారు వాసన నిండిన అంతస్తులో ఉంది ఆ ఆఫీసు. హైదరాబాదు కంపెనీవాళ్ళు చదువరి అని ఒక కంప్యూటరు ప్రోగ్రాము తయారుచేశారు. దానికి తిండీ నిద్రా లేవు. ఇంటర్నెట్టులో తెలుగులో ఎవరేమి రాసినా కూర్చుని చదువుతూనే ఉంటుంది. వార్తలు, వంటలు, పెళ్ళి ఫోటోల కింద పొగడ్తలు, రాజకీయాల కింద తిట్లు, ఏదీ వదలదు. చదివినదాంట్లోంచి ఒక్కో సంగతిని బయటికి లాగి, దాని మీద తనకెంత నమ్మకమో నూటికి ఇన్ని మార్కులని వేసుకుంటుంది. గట్టి నమ్మకం ఉంటే తానే దాచుకుంటుంది. కాస్త అనుమానం ఉంటే కార్డులా తెర మీదికి పంపిస్తుంది. మునికృష్ణ లాంటివాళ్ళు దాన్ని చూసి రైటో, తప్పో నొక్కాలి.

"గూడూరులో నిమ్మకాయల వ్యాపారం జరుగును." రైటు. "తిరుపతి జిల్లాలో పంటలు: వరి, వేరుశనగ, తలవెంట్రుకలు." తప్పు. "ఫలానా వార్డు మెంబరు ఒక సింహం, వయసు నలభై ఆరు." ఈ కార్డు వచ్చిన రోజు మునికృష్ణ చాలాసేపు దిగాలుగా కూర్చున్నాడు. ఆ ఫ్లెక్సీ రాసింది తానే. తన చేత్తో చేసిన సింహాన్ని తన చేత్తోనే మళ్ళీ మనిషిని చేశాడు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. మనం రైటు కొట్టిన ప్రతి సంగతినీ చదువరి మెట్టుగా చేసుకొని పైకెక్కుతుంది. ఒక్క అబద్ధానికి రైటు కొడితే చాలు, అది పెళ్ళి చేసుకొని, పిల్లల్ని కని, ఊరంతా కాపురం పెడుతుంది. అందుకే కంపెనీకి ఒక నియమం ఉంది. బతికున్న మనిషి గురించి కార్డు వస్తే, ఫోను నంబరు దొరికితే, ఆ ఇంట్లోవాళ్ళను అడిగి నొక్కాలి. ఆ నియమమే కొంప ముంచింది.

అదెలాగో తెలియాలంటే మునికృష్ణ తల్లి నాగరత్నమ్మ గురించి చెప్పాలి. ఆమెకు మొదట పుట్టిన మగపిల్లలిద్దరూ పురిట్లోనే పోయారు. తర్వాత పుట్టిన మునికృష్ణ పసితనంలో జ్వరమొచ్చి కళ్ళు తేలేశాడు. ఆమె బిడ్డను ఎత్తుకొని తాతయ్యగుంట గంగమ్మ గుడికి పరుగెత్తి, "మగపిల్లోళ్ళు నాకు అచ్చిరాలేదు తల్లీ. ఇది ఆడపిల్ల. నీ కూతురే అనుకో. నువ్వే సూసుకో" అని అమ్మవారి మొహం మీదే అబద్ధమాడింది. జ్వరం తగ్గింది. ఇక ఆ మాట వెనక్కి తీసుకునే ధైర్యం ఆమెకు లేకపోయింది. ప్రతి ఏడూ గంగజాతరకు చాటింపు పడిందంటే, జాతర ముగిసేదాకా ఆ ఇంట్లో కొడుకు లేడు, కూతురే ఉంది. మునికృష్ణమ్మా అనే పిలుస్తుంది. ఆ రోజుల్లో మగాడు అన్న మాట ఎవరి నోట వచ్చినా చెవులు మూసుకుంటుంది. అమ్మవారు వింటే, ఇన్నేళ్ళ తర్వాత లెక్క సరిచేస్తుందేమోనని ఆమె భయం. ఆ భయం నిజంగా ఉంది, నవ్వులాట కాదు.

జాతర చివరి రోజు మునికృష్ణ చీర కట్టి, సవరం పెట్టి, మల్లెపూలు తురుముకొని గుడికి పోతాడు. మొక్కున్న మగవాళ్ళు అట్లా ఆడవేషం కట్టడం ఆ ఊళ్ళో వింత కాదు. వేషంలో ఉన్నవాళ్ళు ఎదురొచ్చినవాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టడం కూడా ఆచారమే. తిట్లు తిన్నవాళ్ళు కోపం తెచ్చుకోరు, పుణ్యమొచ్చిందని సంబరపడతారు. ఏడాదంతా నోరు మెదపని మునికృష్ణ ఆ ఒక్క రోజూ ఏడాదికి సరిపడా తిడతాడు. మీసం ఒక్కటే తియ్యడు. అమ్మవారు అడగలేదు కదా అంటాడు.

ఆ వేషం ఫోటోలన్నీ ఏళ్ళ తరబడి ఫేస్‌బుక్కులో ఉన్నాయి. వాటి కింద స్నేహితులు "మునికృష్ణమ్మక్క సూపర్", "మా అక్క మీసంతో అదిరిపోయింది", "గంగమ్మ కూతురికి జై" అని రాశారు. ఆయన మగవాడని మాత్రం ఒక్కరూ రాయలేదు. ఎందుకు రాస్తారు?

చదువరి అవన్నీ శ్రద్ధగా చదివింది. ఈ ఏడు జాతర చాటింపు పడ్డ మర్నాడు "తిరుపతి మునికృష్ణ: స్త్రీ. నమ్మకం ఎనభై ఎనిమిది" అని కార్డు తీసింది. ఆ కార్డు స్టెల్లా తెర మీద పడింది.

స్టెల్లా గూడూరు పిల్ల. ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు, ఇంకా పర్మినెంటు కాలేదు. ఆమె నాయన జయరావు నిమ్మకాయల మండీలో మూటలు మోస్తాడు. "మా పాప కంప్యూటరుకు చదువు చెప్తాంది" అని మండీలో తెలియని మనిషి లేకుండా చెప్పుకున్నాడు. పని మీద భయభక్తులున్న పిల్ల. ఆ కార్డులోని మునికృష్ణ తన పక్క కుర్చీలో కూర్చుని టీ ఊదుకుంటున్న సారే అని ఆమెకు తట్టలేదు. కార్డులో ఫోటో ఉండదు, ఊళ్ళో మునికృష్ణలు వెయ్యిమంది ఉన్నారు మరి. నియమం ప్రకారం కార్డుతో పాటు వచ్చిన జాతర కమిటీ నంబరుకు ఫోన్ చేసింది. కమిటీవాళ్ళు ఇంటి నంబరిచ్చారు. ఆ ఫోను నాగరత్నమ్మ ఎత్తింది.

"అమ్మా, మీ మునికృష్ణ గారు ఆడా, మగా?"

"ఆడపిల్లేమ్మా" అంది నాగరత్నమ్మ, గంగమ్మ వింటోందని గొంతు పెంచి మరీ. "మొక్కుకొని నిలబెట్టుకొన్న కూతురు. నా ఊపిరంతా అదే."

స్టెల్లాకు కళ్ళు చెమర్చాయి. కన్నతల్లి కంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది? రైటు నొక్కింది.

ఇక చదువరికి పట్టపగ్గాలు లేకపోయాయి. మునికృష్ణ స్త్రీ. ఆమె పెళ్ళాడింది పంకజాక్షిని. కాబట్టి పంకజాక్షి పురుషుడు. మునికృష్ణకు మీసముంది. జనం ఆ మీసాన్ని పొగిడారు. కాబట్టి మీసం స్త్రీల అలంకారం. కాబట్టి మీసమున్నవాళ్ళంతా స్త్రీలు. ఇంత చక్కని తర్కం నేను ఏ కోర్టులోనూ వినలేదు. రెండు రోజుల్లో జిల్లాలోని పహిల్వాన్లు, కానిస్టేబుళ్ళు, బస్సు కండక్టర్లు అందరూ ఆడవాళ్ళయిపోయారు.

ఈ చదువంతా జనానికి అందించడానికి కంపెనీ ఒక యాప్ కూడా పెట్టింది. చిత్తూరులో బాలసుబ్రమణ్యం అనే మామిడికాయల వ్యాపారి ఉన్నాడు. మీసానికి రోజూ ఆముదం రాసే మనిషి. ఆయన తోతాపురి రేటు ఎట్లుందని యాప్‌ను అడిగితే, అది "శ్రీమతి బాలసుబ్రమణ్యం గారికి నమస్కారం. మీ భర్త గారు క్షేమమా?" అని పలకరించింది. మండీ మొత్తం విన్నది. ఆయన నేరుగా హైదరాబాదుకు ఫోన్ చేసి, అరగంటసేపు తాను మగవాడినని అరిచాడు.

హైదరాబాదులో ఈ పనికంతా పెద్ద లోహిత. చిన్న వయసు, పెద్ద కళ్ళజోడు, ఎప్పుడూ సగం నిద్రలో ఉన్న మనిషి. ఆమె తిరుపతి ఆఫీసుకు ఒకే ఒక్క ముక్క రాసింది. "మొదటి తప్పు ఎవరిదో కనుక్కుంటున్నాను. మంగళవారం వస్తాను. ఆ రైటు కొట్టినవాళ్ళు ఉద్యోగంలో ఉండరు."

మొదటి కార్డు వెతికి తీసినప్పుడు మునికృష్ణ తన పేరు చూసుకున్నాడు. దాని కింద స్టెల్లా పేరు చూశాడు. పక్కకు తిరిగితే ఆ పిల్ల మొహం సున్నం కొట్టినట్టు ఉంది.

"మీరేనా సార్ ఆ మునికృష్ణ?" అంది. "నాయనకు నేనేమి చెప్పేది సార్?"

తన మూలంగా, తన మీసం మూలంగా ఒక ఆడపిల్ల ఉద్యోగం పోబోతోంది. ఒకసారి కొట్టిన రైటును తిరుపతిలో ఎవరూ చెరపలేరు, కానీ చదువరే తన తప్పు తెలుసుకొని దిద్దుకుంటే మేడమ్ వచ్చేసరికి ఏమీ మిగలదు కదా అనుకున్నాడు మునికృష్ణ. చదువరి ఎవరి మాటా వినదు, రాసిందే నమ్ముతుంది. కాబట్టి స్నేహితులందరికీ ఫోన్లు చేసి, "నేను మొగోణ్ణని రాయండప్పా, పుణ్యముంటాది" అని బతిమాలాడు. వాళ్ళు సంతోషంగా రాశారు. "మా మునికృష్ణక్క మగాడే, ఒట్టు", "అక్క మగాడని అక్కే చెప్పింది" అని రాసి, నవ్వే బొమ్మలు పెట్టారు. చదువరి అదీ చదివింది. ఇంతవరకు ఏ మగవాణ్ణి గురించీ మగాడే ఒట్టు అని ఎవరైనా రాయడం అది చూడలేదు. ఎక్కడో తేడా ఉందనుకొని నమ్మకాన్ని తొంభై ఏడుకు పెంచింది.

ఇంటికి పోయి తల్లిని పట్టుకున్నాడు. "ఒక్క మాట ఫోన్లో చెప్పుమా. నేను నీ కొడుకునని."

నాగరత్నమ్మ రెండు చెవులూ మూసుకుంది. "జాతరలో ఆ మాటంటావా మునికృష్ణమ్మా? నీకేమన్నా అయితే నేను బతకాల్నా వద్దా?"

వంటింట్లోంచి పంకజాక్షి కాలు మీద కాలేసుకొని పలికింది. "నన్నేమన్నా అడగతా ఉండావా? నేను ఇంటి మొగోణ్ణంట గదా, ఆపీసులో రాసుకొన్నారంట. వచ్చి కాపీ కాసుకో, నాకూ ఒక గలాసు."

మంగళవారం వచ్చింది. జాతర చివరి రోజు. మునికృష్ణ ఆకుపచ్చ చీర కట్టి, మోకాళ్ళ దాకా జడ వేలాడదీసి, మొహం నిండా పసుపు పూసుకొని తల్లితో గుడి వైపు నడుస్తున్నాడు. దారిలో ఎదురైన కౌన్సిలర్‌ను తిట్టాడు. ఎప్పుడో చిల్లర ఎగ్గొట్టిన కండక్టర్‌ను వెతికిపట్టి తిట్టాడు. వాళ్ళు చేతులు జోడించి కళ్ళకద్దుకున్నారు. అంతలో నాగరత్నమ్మ చంకసంచిలో మునికృష్ణ ఫోను మోగింది. స్టెల్లా.

"సార్, మేడమ్ వచ్చినారు. రిపోర్టు టైపు చేస్తాండారు. నా పేరు ఎట్లా రాయాలని అడిగినారు సార్."

మునికృష్ణ ఆగిపోయాడు. గుడి ముందుంది. ఆఫీసు వెనకుంది. "అమ్మా, గంగమ్మ ఒక గంట ఓర్చుకుంటాదా?" అన్నాడు. నాగరత్నమ్మ కొడుకు మొహం చూసింది. "ఆయమ్మ కూడా ఆడదే గదా. పద" అంది. ఇద్దరూ ఆటో ఎక్కారు. వేషం గుడికి పోకుండా వెనక్కి తిరగడమేమిటో అర్థం కాక, ఇక్కడేదో గొప్ప విశేషముందనుకొని, వెనకనే ఉన్న జనం మోటారు సైకిళ్ళ మీద వెంటబడ్డారు.

లోహిత తలెత్తేసరికి తలుపులో ఒక నిలువెత్తు మీసాల ముత్తైదువ నిలబడి ఉంది. వెనక మెట్ల నిండా జనం. కింది హోటలు సర్వరు పళ్ళెంలో వడలతోనే వచ్చి నిలబడ్డాడు.

"మీరు..." అంది లోహిత.

"నేనే మునికృష్ణని."

లోహిత లేచి నిలబడింది. కళ్ళజోడు సర్దుకుంది. "సరే. ఒక్కటే అడుగుతాను. నిజం చెప్పండి. మీరు మగవారా, ఆడవారా?"

స్టెల్లా ముందుకొచ్చింది. "సార్‌ని అడగొద్దు మేడమ్. తప్పు నాదే. సార్ మొగ..."

"ఆ మాటనొద్దు!" అని నాగరత్నమ్మ కేకేసి ఆ పిల్ల నోరు మూసేసింది.

అప్పుడు మునికృష్ణకు ఒక సంగతి గుర్తొచ్చింది. తాను మునికృష్ణ కాడు ఇప్పుడు. వేషంలో ఉన్నాడు. ఈ రోజు తాను ఎవరినైనా ఏమైనా అనొచ్చు. మేడమ్ అని పిలిచే గొంతు గంగలో కలిసిపోయి, ఎక్కడిదో ఇంకో గొంతు వచ్చింది.

"ఏమే గాడిదమొగందానా!" అన్నాడు. మెట్ల మీది జనం ఒక్కసారిగా చేతులు జోడించారు. "కళ్ళద్దాలుండాయి గానీ కళ్ళు యాడ పెట్టుకొన్నావే? కన్నతల్లిని అడిగింది ఆ పిల్ల. తల్లి చెప్పింది రాసింది. నీ మిసను ఒక్కరోజైనా ఒక తల్లిని అడిగిందా? ఊళ్ళో రాతలన్నీ సదివి సదివి ఊరినే మరిసింది. దాన్ని ఏమనలేక ఈ పసిదాని కడుపు కొడతావా? నిద్దర మొగందానా, తిండి తినినావా లేదా, మొగం సూడు ఎట్లుందో ఎండిన తోతాపురి మాదిరి! ఆ పాప పోతే నేనూ పోతా. ఇంగ రాసుకో నీ రిపోర్టు!"

ఇన్ని మాటలు తన నోట వచ్చినందుకు మునికృష్ణకే భయమేసింది.

"అదురుష్టమంటే నీదేమ్మా" అన్నాడు హోటలు సర్వరు లోహితతో, అసూయగా. "ఇంత సేపు తిట్టినారంటే ఏడాదంతా తిరుగుండదు. కాళ్ళకు మొక్కు, ఇంగేం సూస్తాండావు?"

జనం వెనకనుంచి నెట్టారు. నెట్టారో, తానే వంగిందో లోహితకే తెలియదు. మునికృష్ణ వేషంలో ఉన్నాక కాళ్ళ దగ్గరికొచ్చిన తలను దీవించకుండా ఉండకూడదు. ఆమె నుదుట ఇంత కుంకుమ దిద్ది, "సల్లగుండు బిడ్డా. వేళకు తిను" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఎందుకో లోహిత కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

ఊళ్ళో ఫోన్లకు కొదవా? ఎవరో అప్పటికే వీడియో పెట్టేశారు. "ఆఫీసులో మునికృష్ణమ్మ మహిమ. హైదరాబాదు నుంచి వచ్చిన బిడ్డ లోహితను కడుపారా దీవించిన తల్లి." చదువరికి జాతర సెలవు లేదు. దాన్ని చదివింది. గోడ మీది పెద్ద తెర మీద అందరూ చూస్తుండగా కొత్త కార్డు పడింది.

"లోహిత: మునికృష్ణ కూతురు. నమ్మకం ఎనభై తొమ్మిది. దయచేసి కుటుంబ సభ్యులను అడిగి నిర్ధారించండి."

స్టెల్లా అలవాటు చొప్పున నాగరత్నమ్మ వైపు తిరిగింది. "అమ్మమ్మా, నిజమేనా?"

నాగరత్నమ్మ లోహితను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. తన ఇంట్లో పిల్లలు లేరు. ఆ మాట ఆమె ఎవరి దగ్గరా అనదు, ఆ లోటు మాత్రం ఆ ఇంట్లో ప్రతి పండక్కీ వచ్చి కూర్చుంటుంది. "నా కూతురు నిన్ను బిడ్డా అనింది గదమ్మా" అంది మెల్లగా. "ఇంగ నా మనవరాలే. కాదని ఎట్లంటాను?" అని లోహిత చెంప నిమిరింది.

లోహిత చెయ్యి మౌసు మీద ఉంది. ఆమెకు తెలుసు. నొక్కాల్సింది తప్పు. దీనికి రైటు కొడితే సాయంత్రానికి పంకజాక్షి తన తండ్రవుతుంది, రేపటికి బాలసుబ్రమణ్యం తన పెద్దమ్మవుతుంది. తప్పు మీదికి బాణం గుర్తు తీసుకుపోయింది. పక్కన ముసలామె ఊపిరి బిగబట్టి తననే చూస్తోంది. బాణం గుర్తు అక్కడే చాలాసేపు తారట్లాడింది.

టక్కున రైటు నొక్కింది.

మునికృష్ణకు వేషం దిగిపోయి, పాత గొంతు వచ్చేసింది. "మేడమ్, మేడమ్! అది తప్పు గదా మేడమ్. రేపు జాతర అయిపోయినాక అన్నీ సరిసేసుకుందాం గానీ, ఈ రైటు ఎవురు కొట్టినారని హైదరాబాదులో అడిగితే ఏమి చెప్తారు?"

లోహిత టైపు చేస్తున్న రిపోర్టును మొదటి అక్షరం దాకా చెరిపేసింది.

"మా అమ్మమ్మ చెప్పింది అంటాను" అంది. "స్టెల్లా, నువ్వూ అదే రాయి."